మూడు ప్లగ్గులు, ఒక సిరిమాను పండగ

మీటరు 68,412. దసరా సెలవులు, అరకు నుంచి తిరిగొచ్చిన రాత్రి

అనంతగిరి ఘాట్‌లో బండి పరువు తీసింది. విజయనగరంలో బయలుదేరి ఎస్.కోట దాటేదాకా ఏ గొడవా లేదు. ఎక్కుడు మొదలై, మూడో గేరులో యాక్సిలరేటర్ కాస్త లోతుగా తొక్కేసరికి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు జర్క్. వదిలితే మామూలే. మళ్లీ తొక్కితే మళ్లీ జర్క్. రెండో గేరుకి దింపి, ఎద్దుల బండిలా ఎక్కించాను. డాష్‌బోర్డు మీద పసుపు రంగు చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది.

"క్లచ్ సరిగ్గా వదలట్లేదండీ మీరు" అంది మా ఆవిడ. ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సుంకరిమెట్ట కాఫీ తోటల దగ్గర ఆపి బానెట్ ఎత్తి చూశాను. చూశానన్న తృప్తి తప్ప ఏమీ కనపడలేదు.

బండి 2013 వ్యాగన్ఆర్, పెట్రోలు, మూడు సిలిండర్లు. సెకండ్ హ్యాండులో కొన్నాను. పాత ఓనరు పద్ధతైన మనిషి, సర్వీసు బిల్లులన్నీ కట్టకట్టి ఇచ్చాడు. ఇంటికి రాగానే ఆ కట్ట విప్పాను. 39,870 దగ్గర ఒక బిల్లులో "స్పార్క్ ప్లగ్ - 3" అని స్పష్టంగా ఉంది. అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే ఆ ప్లగ్గులు మార్చి 28 వేల కిలోమీటర్లే అయింది. మామూలు నికెల్ ప్లగ్గులు 30, 40 వేల దాకా పనిచేస్తాయి కాబట్టి అనుమానం ప్లగ్గుల మీద నుంచి పక్కకు పోయింది. పెట్రోల్ ఫిల్టరా, కాయిలా, ఎక్కడైనా కల్తీ పెట్రోలు పోయించానా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

మీటరు 68,431. మర్నాడు

మా స్కూల్లో లెక్కల మాస్టారి దగ్గర ఓబీడీ స్కానర్ ఉంది, బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న తప్పుల కోడ్‌లు చదివే పరికరం. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో పెడితే బ్లూటూత్‌లో ఫోన్‌కి కలుస్తుంది. కోడ్ వచ్చింది: పి 0302. పి 0300 వచ్చుంటే ఏ సిలిండర్ అని తేలకుండా అక్కడక్కడా మిస్సింగ్, అంటే పెట్రోలు సరిగ్గా మండట్లేదు అని అర్థం. చివర 2 ఉంది కాబట్టి రెండో సిలిండర్‌లోనే మిస్సింగ్. మూడింట్లో ఒక్కటే అల్లరి చేస్తోందంటే పెట్రోలు మీద నింద వేయలేం. అది మూడింటికీ ఒకే ట్యాంకు నుంచి వెళ్తుంది కదా.

ఈ ఇంజిన్‌కి ప్లగ్గుకో కాయిల్ విడిగా ఉంటుంది. అదొక సౌకర్యం. రెండో కాయిల్ తీసి ఒకటో దాని మీద, ఒకటో కాయిల్ తీసి రెండో దాని మీద పెట్టాను. కోడ్ చెరిపేశాను. రామతీర్థం వైపు కొంత దూరం వెళ్లి, ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో కావాలనే గట్టిగా తొక్కుతూ వచ్చాను. తప్పు కాయిల్‌లో ఉంటే కోడ్ పి 0301కి మారాలి. మారలేదు, మళ్లీ 0302. అంటే కాయిల్ మంచిదే.

ఇక మిగిలింది ప్లగ్గు. ఇంజెక్టర్ కూడా కావచ్చు, కానీ చౌకైన దాని నుంచి మొదలుపెట్టడం మంచిది.

చదును రోడ్డు మీద బాగానే ఉండి ఘాట్‌లోనే ఎందుకు చస్తుంది? నేను చెప్పేది ఫిజిక్సే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. కాయిల్ బ్యాటరీలోని 12 వోల్టులని ఇరవై, ముప్పై వేల వోల్టులకు పెంచి ప్లగ్గు కొనకు పంపుతుంది. అక్కడ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మిల్లీమీటరు ఖాళీ. ఆ ఖాళీని దూకితేనే స్పార్క్. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కామంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, పిస్టన్ దాన్ని నొక్కినప్పుడు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గాలి ఎంత చిక్కబడితే దాన్ని చీల్చుకుని దూకడానికి అంత వోల్టేజి కావాలి. పైగా వాడిన కొద్దీ ఎలక్ట్రోడ్ అరిగి ఖాళీ పెరుగుతుంది, అంచులు గుండ్రబడతాయి. స్పార్క్‌కి పదునైన అంచు ఇష్టం, గుండ్రటి దాని మీద నుంచి దూకడానికి మొరాయిస్తుంది. బజారుకి వెళ్లొచ్చేటప్పుడు నెట్టుకొచ్చిన ప్లగ్గు ఘాట్‌లో చేతులెత్తేసేది ఇందుకే.

ఒక జాగ్రత్త. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే మిస్సింగ్ బాగా ముదిరిందని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లగ్గు ఖర్చు వందల్లో ఉంటే కన్వర్టర్ ఖర్చు వేలల్లో. అలా కొట్టుకుంటే నడపకుండా పక్కన ఆపేయడమే.

మీటరు 68,440. శనివారం, ప్లగ్గుల కోసం

బజార్లో స్పేర్ల కొట్టుకి వెళ్లి బండి పేరు చెప్పాను. మూడు ప్లగ్గులు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఓనర్ మాన్యువల్‌లో రాసిన నంబరు చీటీ మీద రాసుకెళ్లాను కాబట్టి సరిపోయింది. అందులో అక్షరాల తర్వాత 6, గీత తర్వాత 10 ఉండాలి. అతనిచ్చిన వాటి మీద 7. "ఒక్క నంబరే కదండీ, ఏం కాదు" అన్నాడు.

అవుతుంది. ఎన్.జి.కె. కంపెనీ ప్లగ్గుల్లో ఆ అంకె వేడి లెక్క. పెద్ద అంకె ఉంటే ప్లగ్గు తన వేడిని త్వరగా హెడ్‌కి, అంటే సిలిండర్ల పై మూతకి, వదిలేస్తుంది, చల్లగా ఉంటుంది. ఊళ్లో మెల్లగా తిరిగే బండికి మరీ చల్లటి ప్లగ్గు వేస్తే కొన మీద పేరుకునే కార్బన్ కాలిపోకుండా నల్లబడుతుంది. మరీ వేడిది వేస్తే ఇంకా ప్రమాదం, స్పార్క్ పడకముందే కొన ఎర్రబడి పెట్రోలు అంటుకుంటుంది. బాష్ వాళ్ల నంబర్లు మళ్లీ దీనికి తిరగేసి ఉంటాయి, అక్కడ పెద్ద అంకె అంటే వేడి ప్లగ్గు. కాబట్టి ఒక కంపెనీ నంబరు చూసి ఇంకో కంపెనీది అందాజుగా తీసుకోకూడదు. చివర ఉన్న 10 గ్యాప్, అంటే ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ, 1.0 మిల్లీమీటరు. మధ్యలో ఉన్న ఆర్ అక్షరం రెసిస్టర్ ఉందని చెబుతుంది. అది లేకపోతే రేడియోలో గరగర, కంప్యూటర్‌కి చిరాకు.

సరైనవి లోపల గోడౌన్ నుంచి తెప్పించాడు. ఇరిడియం కూడా చూపించాడు. అవి 80 వేల నుంచి లక్ష కిలోమీటర్లు వస్తాయి, ధర మూడు నాలుగు రెట్లు. నాకు నికెల్ చాలు. ఏడాదికి ఏడెనిమిది వేలు తిరిగే బండికి నాలుగైదేళ్లకోసారి మార్చుకోవడం బరువేం కాదు, ఆ వంకన బానెట్ కింద ఏం జరుగుతోందో కూడా చూస్తాం. అదే ఇంజిన్‌కి సి.ఎన్.జి. పెట్టించుకున్నవాళ్లయితే వేరేలా ఆలోచించాలి. గ్యాస్‌ని అంటించడానికి వోల్టేజి ఎక్కువ కావాలి, ప్లగ్గు త్వరగా పోతుంది.

మీటరు 68,440. ఆదివారం, పని మొదలు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలని ఉదయం ఆరున్నరకే బానెట్ ఎత్తాను. హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. వేడి మీద విప్పితే హెడ్‌లోని మెత్తటి మరలు ప్లగ్గుతో పాటు ఊడొస్తాయి.

పైనున్న నల్లటి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీశాను. కింద మూడు కాయిల్స్, ఒక్కోదానికి ఒక పది నంబరు బోల్టు. కనెక్టర్ లాక్ పన్నెండేళ్ల ప్లాస్టిక్. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకుండా బొటనవేలితో నొక్కి పట్టుకుని లాగాలి. కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పితే కింది రబ్బరు వదులుతుంది, అప్పుడు నిటారుగా పైకి.

ప్లగ్గులుండే గుంతల్లో దుమ్ము, ఇసుక, ఎండిన ఆకు ముక్క. రెండో దాంట్లో చచ్చిన చీమలు. ఇవి ఉండగా ప్లగ్గు విప్పితే అన్నీ నేరుగా సిలిండర్‌లో పడతాయి. కంప్రెసర్ లేదు గానీ సైకిల్ పంపు ఉంది. మేనల్లుడు పంపు కొట్టాడు, నేను గొట్టం గుంతలో పెట్టి కళ్లు మూసుకున్నాను. మొహం నిండా దుమ్ము. కళ్లజోడు పెట్టుకోవాలని తర్వాత గుర్తొచ్చింది.

ఈ చప్పుడుకి పక్కింటి బాబాయి గారు గోడ మీద నుంచి తొంగి చూశారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి.

"ఏటండీ మాస్టారూ, పొద్దున్నే బండి కడుపు కోసేసినారు?"

ప్లగ్గులు మారుస్తున్నానన్నాను.

"మా బస్సులకి పలగ్గులే లేవు కదా. డీజిలు బండి. గాలిని గట్టిగా నొక్కితే అదే అంటుకుంటాది" అని నవ్వి, చొక్కా వేసుకుని వచ్చేశారు. ప్లగ్గు లేని బళ్లతో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి నాకు ప్లగ్గు బిగించడం నేర్పారు.

ఒకటో ప్లగ్గు పదహారు నంబరు ప్లగ్ పానాకి మర్యాదగా వచ్చింది. కొన పాలెక్కువైన టీ రంగులో ఉంది. అదే మంచి రంగు. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, తడి నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి దిగుతోందని, సున్నంలా తెల్లగా మాడితే వేడెక్కుతోందని. సందు కొలిచే రేకుల ఫీలర్ గేజ్ పెడితే గ్యాప్ 1.15. పర్వాలేదు, 28 వేలు తిరిగిన ప్లగ్గులాగే ఉంది.

కొత్తది పెట్టేటప్పుడు బాబాయి గారు ఆపారు. "పానాతో మొదలెట్టకండి" అని, ఇంటికెళ్లి స్కూటర్ పెట్రోలు పైపు జానెడు ముక్క తెచ్చారు. దాన్ని ప్లగ్గు తలకి తొడిగి, గుంతలోకి దింపి, పైపు కొసని వేళ్ల మధ్య తిప్పమన్నారు. మరలు సరిగ్గా కలిస్తే ప్లగ్గు మెత్తగా దిగుతుంది. అడ్డంగా ఎక్కితే రబ్బరు పైపు జారిపోతుంది గానీ మరలు తెగవు. పానాకి ఆ తెలివి లేదు. ముందు ఒకసారి వెనక్కి తిప్పితే మర కలిసిన చోట వేళ్లకి 'టిక్' అని చిన్నగా తగులుతుంది. అక్కడి నుంచి ముందుకి. కొన్ని చుట్లు, తేలిగ్గా, చివర ఆగింది.

ఆ తర్వాతే పానా. ప్లగ్గు డబ్బా మీద బొమ్మ వేసే ఉంది: చేత్తో ఆగినచోటు నుంచి కొత్త ప్లగ్గుకి సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. కొత్త వాషర్ ఆ సగం చుట్టులో నలిగి కూర్చుంటుంది. వాడిన ప్లగ్గే మళ్లీ పెడితే వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు, గడియారంలో ఒక గంట దూరం. టార్క్ రెంచ్ ఉన్నవాళ్లకి ఈ సైజు ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. నాకు లేదు. పానా పిడి మీద సుద్దముక్కతో గీత గీసి, అది ఎదురు వైపుకి వచ్చేదాకా తిప్పాను. "ఇంకొంచెం?" అని చూస్తే బాబాయి గారు చెయ్యి పట్టుకున్నారు. "ఆ ఇంకొంచెమేనండి హెడ్డుని తినేది."

మరలకి గ్రీజు పుయ్యాలా అనడిగాను. ప్లగ్గు మరల మీద కంపెనీ పూతే ఉంటుంది, వద్దు. జిడ్డు పూస్తే తేలిగ్గా జారి మనకు తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

మూడోది కూడా బాగానే వచ్చింది. రంగు అదే, గ్యాప్ 1.15. కొత్తది అందిస్తూ మేనల్లుడు సిమెంటు గచ్చు మీద జారవిడిచాడు. "ఏం కాలేదు మావయ్యా" అని ఊది ఇచ్చాడు. పైకి ఏమీ కానట్టే ఉంది, గ్యాప్ మాత్రం మూసుకుపోయింది. గ్యాప్ వంచి సరిచేయొచ్చు గానీ లోపల పింగాణీకి వెంట్రుకంత బీట పడితే కంటికి కనపడదు, స్పార్క్ ఆ బీటలోంచి పక్కకి పోతుంది. పడిన ప్లగ్గు పడేయడమే. పాతదే తాత్కాలికంగా పెట్టి గడియారంలో ఒక గంట దూరం బిగించాను.

ఇక రెండోది. అసలు నిందితుడు.

కదల్లేదు. పిడికి రెండు చేతులూ వేసినా కదల్లేదు. ఇంకాస్త బలం పెడితే పింగాణీ విరుగుతుంది, లేకపోతే మర పోతుంది. మర పోతే హెడ్ దించి మళ్లీ మర వేయించాలి. నడుం మీద చెమట పట్టింది. బాబాయి గారు పానాని ఒక్కసారి చేత్తో పట్టుకుని చూసి వదిలేశారు. "దీనికి తొందర పనికిరాదు. నూనె పోసి వదిలీండి."

తుప్పు వదిలించే స్ప్రే గుంతలో కొట్టి, పైన గుడ్డ కప్పి, లోపలికి వచ్చేశాను.

సోమవారం, మంగళవారం. తొలేళ్లు, సిరిమాను

ఊరంతా పైడితల్లమ్మ పండగలో ఉంది, సోమవారం తొలేళ్లు, మంగళవారం పూజారిని పొడవాటి మాను కొన మీద కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను. కొట్లు తెరిచినా ప్లగ్గు కోసం ఘంటస్తంభం వైపు వెళ్లే దారి లేదు, సందు చివరి నుంచే జనం. బావమరిది కుటుంబంతో బొబ్బిలి నుంచి దిగాడు. "బావా, బండి తీద్దామా" అంటే గుడ్డ ఎత్తి చూపించాను. దంతాల డాక్టర్ కుర్చీలో నోరు తెరిచి కూర్చున్నట్టుంది బండి. నడిచే వెళ్లాం. కోట ముందు సిరిమాను వచ్చేటప్పుడు జనంలో ఇరుక్కుని నిలబడ్డా కూడా నా మనసు ఆ ప్లగ్గు మీదే ఉంది. ఉదయం, రాత్రి వెళ్లి స్ప్రే కొట్టి వచ్చాను. అంతకుమించి పనేమీ జరగలేదు.

బుధవారం

కొత్త ప్లగ్గు ఒకటి తెచ్చాను, ఈసారి మేనల్లుడి చేతికి ఇవ్వలేదు.

బాబాయి గారు చెప్పినట్టు విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు వెంట్రుకవాసి నెట్టాను. తర్వాత విప్పే వైపు. మళ్లీ బిగించే వైపు. ఏడెనిమిది సార్లకి కీచుమని శబ్దం, పాత తలుపు బందులా. ప్రాణం పోయినంత పనైంది. కానీ అది కదిలిన శబ్దం. పావు చుట్టు విప్పడం, అంతలోనే ఆపి మళ్లీ ముందుకు తోయడం, మధ్యలో ఇంకాస్త స్ప్రే. ఇలా పావుగంట. బయటకు వచ్చాక ముందు మరలు చూశాను. మరల సందుల్లో తుప్పుపొడి ఉంది, అల్యూమినియం తెల్లటి చుట్ట మాత్రం లేదు. హెడ్ బతికింది.

ప్లగ్గుని పాత బనియన్ ముక్కతో తుడిచి వెలుగులో పెట్టాక అసలు సంగతి అర్థమైంది. మిగతా రెండు ప్లగ్గులు ఒక కంపెనీవి. ఇది ఇంకో కంపెనీది. మధ్య ఎలక్ట్రోడ్ కొన అరిగి మొండి పెన్సిల్ ములుకులా గుండ్రబడింది. ఫీలర్ గేజ్‌లో ఒక్క ఆకు చాలలేదు, రెండు కలిపి పెడితే గ్యాప్ 1.5. ఇది 28 వేలు తిరిగిన ప్లగ్గు కాదు. బండితో పాటు వచ్చిన ప్లగ్గే అయి ఉండాలి, మొత్తం 68 వేలూ తిరిగింది.

39,870 దగ్గర మార్చినవాడు ఒకటి, మూడు మార్చాడు. రెండోది కదల్లేదు. మనకి సిరిమాను పండగలో దొరికినంత తీరిక అతనికి లేదు. అలాగే వదిలేసి కాయిల్ పైన పెట్టి మూసేశాడు, బిల్లు మాత్రం మూడింటికీ రాశాడు. ఇంతకీ ఆ మూడో కొత్త ప్లగ్గు ఏ బండిలోకి వెళ్లిందో.

బాబాయి గారు ప్లగ్గుని వేళ్ల మధ్య తిప్పి చూసి, "దీన్ని తిట్టకండి. రెండు ప్లగ్గుల ఆయుష్షు ఇదొక్కతే మోసింది" అన్నారు.

సిలిండర్‌లోకి కొంత స్ప్రే దిగి ఉంటుంది కాబట్టి గుంతనీ మరలనీ గుడ్డతో శుభ్రంగా తుడిచాను. కొత్త ప్లగ్గు, పైపు ముక్క, వేళ్లకి 'టిక్', సుద్దగీత ఎదురు వైపుకి. మూడోదాంట్లో కూడా పాతది తీసి కొత్తది వేశాను. కాయిల్స్ నొక్కి కూర్చోబెట్టి, కనెక్టర్లు టక్కుమనేదాకా తోసి, ఫిల్టర్ డబ్బా బిగించి తాళం తిప్పాను. మొదటి అర నిమిషం వెనక నుంచి తెల్లటి పొగ, కాస్త ఘాటు వాసన. మేనల్లుడు కంగారు పడ్డాడు. అది స్ప్రే కాలిన పొగ. నిమిషంలో ఆగిపోయింది. స్టీరింగ్ మీద చెయ్యి పెడితే వణుకు లేదు. వణుకు ఉండేదని అది పోయాకే తెలిసింది.

మీటరు 68,457. గురువారం

కోడ్ చెరిపి, గజపతినగరం వైపు హైవే మీద కొంత దూరం వెళ్లొచ్చాను. కొత్త కోడ్ రాలేదు. బానెట్ లోపలి వైపు తెల్ల టేపు ముక్క అతికించి "ప్లగ్గులు 3, మూడూ కొత్తవే, 68,440" అని మార్కర్‌తో రాశాను. "మూడూ" కింద గీత గీశాను.

పాత రెండో ప్లగ్గు స్కూల్ ల్యాబ్‌లో పెట్టాను, ఇండక్షన్ కాయిల్ పాఠం వచ్చినప్పుడు చూపించడానికి. కిందపడింది పక్కన పెట్టాను, పారేయడానికి చేతులు రాలేదు.

మీటరు 68,604. ఆదివారం

మళ్లీ అనంతగిరి ఘాట్. ఊరికే కాదు, ఈసారి బావమరిది వాళ్లకి బొర్రా గుహలు చూపించాలన్న వంక దొరికింది. బండిలో ఐదుగురం, డిక్కీలో పులిహోర గిన్నె. పోయినసారి ఎక్కడ జర్క్ వచ్చిందో ఆ మలుపులోనే మూడో గేరులో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాను. సాఫీగా లాగేసింది.

"ఇప్పుడు క్లచ్ బాగా వదులుతున్నారండీ" అంది మా ఆవిడ.